శిక్షణకు అంతరాయం: మారథాన్ చరిత్రలో ఒక అధ్యాయం

మారథాన్ పరుగు 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలతో పుట్టినప్పటికీ, ఆ పందేనికి నెలల తరబడి, రోజు తప్పకుండా, లెక్క ప్రకారం సిద్ధం కావాలన్న ఆచారం మాత్రం అంత పాతది కాదు. ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త మిషెల్ బ్రేల్ సూచన మీద ఏర్పాటైన ఆ మొదటి పందెంలో దాదాపు 40 కిలోమీటర్ల దూరాన్ని గ్రీకు యువకుడు స్పిరిడాన్ లూయిస్ 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లలో పూర్తిచేశాడు. నేడు అందరికీ తెలిసిన 42.195 కిలోమీటర్ల కొలత 1908 లండన్ ఒలింపిక్స్‌లో మొదట వాడుకలోకి వచ్చి, 1921లో అధికారికంగా స్థిరపడింది. ఆ తొలి దశాబ్దాలలో పరుగెత్తినవారిలో చాలామంది ఒళ్ళువంచి పనిచేసి బతికేవారు. పని ముగిశాక మిగిలిన సమయంలో కొంత నడక, కొంత పరుగు సాగించి పందేనికి వచ్చేవారు. అటువంటి కాలంలో నాలుగు వారాలు పరుగు ఆగిపోవడం పెద్ద విపత్తుగా ఎవరికీ తోచేది కాదు. శిక్షణ ఎడతెగని నిత్యకృత్యంగా మారిన తరువాతనే దానికి కలిగే అంతరాయం భయకారణమయింది. మారథాన్ చరిత్రలో అత్యుత్తమంగా నిలిచిన కొన్ని పరుగులు జబ్బు, గాయం లేదా శస్త్రచికిత్స వల్ల శిక్షణ తెగిపోయినవారి నుంచే రావడం, ఆ భయాన్ని మళ్ళీ పరిశీలించవలసిన అవసరాన్ని కల్పిస్తుంది.

ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసిన పేరు అమెరికాకు చెందిన క్లారెన్స్ డిమార్‌ది. బోస్టన్ ప్రాంతంలో ముద్రణాలయంలో అక్షరాలు కూర్చే పనిచేసిన ఈయన 1911లో బోస్టన్ మారథాన్‌కు వచ్చినప్పుడు, గుండె చప్పుడులో అపస్వరం వినబడుతున్నదనీ, అలసట కలిగితే వెంటనే ఆగిపోవాలనీ వైద్యులు హెచ్చరించారు. గుండె కవాటాల గుండా రక్తం ప్రవహించేటప్పుడు అదనంగా వినిపించే ఈ శబ్దాన్ని వైద్యులు మర్మర్ అంటారు; దూరపు పరుగుల వల్ల గుండె పెద్దదై పాడవుతుందన్న నమ్మకం ఆనాటి వైద్యరంగంలో బలంగా ఉండేది. డిమార్ ఆ పందెం గెలిచాడు, మరుసటి సంవత్సరం స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 12వ స్థానంలో నిలిచాడు, ఆ తరువాత చాలా ఏళ్ళు బోస్టన్ పందేనికి దూరంగా ఉన్నాడు. 1917లో ఒకసారి వచ్చి మూడో స్థానం పొందిన ఈయన 1922లో తిరిగి వచ్చి విజేత అయ్యాడు. 1923, 1924, 1927, 1928, 1930 సంవత్సరాలలో కూడా గెలిచి, 41 ఏళ్ళ వయస్సులో ఏడవ విజయాన్ని సాధించాడు. మధ్యలో 1924 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం కూడా లభించింది. 1958లో డిమార్ మరణించిన తరువాత జరిపిన పరీక్షలో ఆయన గుండెకు రక్తాన్ని అందించే ధమనులు సాధారణ పరిమాణానికి రెండు మూడింతలు వెడల్పుగా ఉన్నట్లు తేలిందని ప్రసిద్ధ హృద్రోగ నిపుణుడు పాల్ డడ్లీ వైట్, ఆయన సహచరుడు 1961లో ఒక వైద్య పత్రికలో వెల్లడించారు. ఏ గుండె చెడిపోతుందని వైద్యులు 1911లో భయపడ్డారో, ఆ గుండే అర్ధశతాబ్దం తరువాత ఆ భయానికి సమాధానమయింది.

ఎడతెగని శిక్షణ అన్న భావానికి రూపం ఇచ్చినవారిలో చెకోస్లోవేకియా సైనికాధికారి ఎమిల్ జాటోపెక్ ముఖ్యుడు. 400 మీటర్ల దూరాన్ని వేగంగా పరుగెత్తడం, కొద్దిసేపు మెల్లగా పరుగెత్తి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ అదే దూరాన్ని వేగంగా పరుగెత్తడం అన్న పద్ధతిని ఇంటర్వల్ శిక్షణ అంటారు. దానిని జాటోపెక్ కనిపెట్టలేదు గాని, ఒకే రోజున ఇరవై, నలభై సార్లు కూడా చేస్తూ అంతకు ముందెవరూ ఊహించని స్థాయికి తీసుకుపోయాడు. మంచులోనూ, వానలోనూ, సైనికుల బరువైన బూట్లతోనూ సాగిన ఈ సాధన ఫలితంగా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు, 5,000 మీటర్లు గెలిచిన వారంలోనే, తన జీవితంలో మొట్టమొదటి మారథాన్‌ను 2 గంటల 23 నిమిషాల 3.2 సెకన్లలో పూర్తిచేసి మూడో స్వర్ణం గెలుచుకున్నాడు. మరో దిక్కున న్యూజీలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులందరికీ, 800 మీటర్ల పరుగువీరులతో సహా, వారానికి 100 మైళ్ళు, అంటే సుమారు 160 కిలోమీటర్ల పరుగును పునాదిగా నిర్ణయించాడు. ఆ శిష్యులలో ఒకడైన బారీ మాగీ 1960 రోమ్ ఒలింపిక్ మారథాన్‌లో కాంస్యం సాధించాడు. 1960ల నాటికి వారం వారం పరుగెత్తిన దూరాన్ని కాగితం మీద రాసుకొని కూడుకోవడం మారథాన్ సాధనకు గుర్తుగా మారింది. ఆ కాగితంలో ఖాళీ వారం ఉంటే ఓటమి ఖాయమన్న అభిప్రాయం కూడా అప్పుడే వేళ్ళూనింది.

విచిత్రమేమంటే, ఆ అభిప్రాయానికి తొలి ఎదురుదెబ్బ కూడా జాటోపెక్ జీవితంలోనే కనిపిస్తుంది. 1950లో బ్రసెల్స్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్ పోటీలకు ముందు ఆహారం విషతుల్యమై ఆయన ఆసుపత్రి పాలయ్యాడు. పోటీలకు కొద్ది రోజుల ముందు మాత్రమే విడుదలైనప్పటికీ, 5,000 మీటర్లలోనూ, 10,000 మీటర్లలోనూ విజయం సాధించాడు. అప్పటివరకు ఒంట్లో పేరుకుపోయిన శ్రమ ఆ బలవంతపు విశ్రాంతిలో తీరిపోవడం వల్లనే ఆయన కాళ్ళకు కొత్త చురుకు వచ్చిందని తరువాతి కోచ్‌లు వ్యాఖ్యానించారు. పందేనికి రెండు మూడు వారాల ముందు నుంచి పరుగు దూరాన్ని క్రమంగా తగ్గించుకుంటూ వచ్చే నేటి పద్ధతికి, అంటే టేపరింగ్‌కు, ఈ సంఘటనను పూర్వోదాహరణగా చూపడం పరుగుల సాహిత్యంలో పరిపాటి.

అయితే బ్రసెల్స్‌లో జరిగినవి ట్రాక్ పరుగులు. మారథాన్ విషయంలో ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురైనది ఇథియోపియా వీరుడు అబెబె బికిలాకు. చక్రవర్తి హైలీ సెలాసీ అంగరక్షక దళంలో సైనికుడైన బికిలా, స్వీడన్ నుంచి వచ్చిన కోచ్ ఓన్ని నిస్కానెన్ వద్ద శిక్షణ పొంది, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో దివిటీల వెలుగులో వట్టి కాళ్ళతో పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16.2 సెకన్లలో మారథాన్ గెలిచాడు. నాలుగేళ్ళ తరువాత టోక్యోలో ఆ స్వర్ణాన్ని నిలబెట్టుకోవాలన్న సంకల్పంతో సాధన చేస్తుండగా, పందేనికి ఆరు వారాల లోపు సమయం మాత్రమే మిగిలి ఉన్న దశలో, డెబ్రె జెయిట్ పట్టణం దగ్గర శిక్షణ పరుగులో కడుపునొప్పితో కుప్పకూలాడు. పెద్దపేగు మొదట్లో ఉండే చిన్న తోకలాంటి భాగం వాచి చీము పట్టే స్థితిని అపెండిసైటిస్ అంటారు; సకాలంలో తొలగించకపోతే ప్రాణాపాయం కనుక శస్త్రచికిత్స తప్ప దారి లేకపోయింది. 1964 సెప్టెంబర్ 16న ఆ శస్త్రచికిత్స జరిగింది. ఒలింపిక్ మారథాన్ తేదీ అక్టోబర్ 21.

ఐదు వారాల వ్యవధిలో పొట్ట కోత మానడం, నడక, మెల్లని పరుగు, మళ్ళీ పందెపు వేగం అందుకోవడం ఒకదాని వెంట ఒకటి జరగవలసి ఉన్నది. ఈనాటి సూక్ష్మ శస్త్రచికిత్సా విధానాలు ఆనాడు లేవు కనుక కోత చిన్నది కాదు, కోలుకోవడం సులభమూ కాదు. బికిలా ఆసుపత్రి ఆవరణలోనే రాత్రిపూట మెల్లగా పరుగెత్తడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆయన టోక్యో చేరేసరికి పందెంలో పాల్గొనడం మీదనే చాలామందికి సందేహం ఉండగా, గెలుపు గురించి మాట్లాడినవారు తక్కువ.

పందెం మొదట్లో ఆస్ట్రేలియాకు చెందిన రాన్ క్లార్క్ తీవ్రమైన వేగంతో ముందుండగా, ఐర్లండ్ పరుగువీరుడు జిమ్ హోగన్‌తో పాటు బికిలా అతని వెంట నిలిచాడు. తరువాత క్లార్క్ వెనుకబడ్డాడు, హోగన్ చివరి దశలో పందెం విడిచిపెట్టాడు, బికిలా ఒంటరిగా స్టేడియంలోకి వచ్చి 2 గంటల 12 నిమిషాల 11.2 సెకన్లలో పూర్తిచేశాడు. అది అప్పటికి ప్రపంచంలో ఎవరూ చేరని సమయం. అంతకు ముందరి ఉత్తమ సమయాన్ని అదే ఏడాది జూన్‌లో నెలకొల్పిన ఇంగ్లండ్ పరుగువీరుడు బేసిల్ హీట్లీ 4 నిమిషాల 8 సెకన్ల తరువాత రెండో స్థానంలో రేఖ దాటాడు. మారథాన్‌లో రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి వ్యక్తి అయిన బికిలా, రేఖ దాటిన వెంటనే పడిపోలేదు, మైదానం మధ్యకు వెళ్ళి వ్యాయామాలు చేశాడు. స్టేడియంలోని వేలాది ప్రేక్షకులను ఆ గెలుపుకన్నా ఆ వ్యాయామాలే ఎక్కువ ఆశ్చర్యపరిచి ఉండవచ్చు.

ఈ విజయాన్ని మహత్తుగా వర్ణించి వదిలివేయడం చరిత్రకారునికి తగిన పని కాదు. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న అడిస్ అబాబా పరిసరాలలో, పలుచని గాలిలో సంవత్సరాల తరబడి పరుగెత్తిన శరీరం అది. శస్త్రచికిత్స పొట్టకు జరిగింది తప్ప కాలికి కాదు. ఎముకకు, కీలుకు, పరుగుకు ప్రధానమైన ఏ స్నాయువుకూ హాని కలగలేదు. పోయింది కొన్ని వారాల సాధన మాత్రమే, నిలిచి ఉన్నది ఎనిమిది తొమ్మిదేళ్ళ పునాది. ఇంతటి నిశ్చింత మరో క్రీడాకారిణికి లభించలేదు, ఎందుకంటే ఆమె విషయంలో దెబ్బ తగిలినది మోకాలికే.

అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన జోన్ బెనాయిట్ 1983 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 22 నిమిషాల 43 సెకన్లలో గెలిచి, మహిళల ప్రపంచ ఉత్తమ సమయాన్ని రెండున్నర నిమిషాలకు పైగా మెరుగుపరిచింది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళలకు మొదటిసారిగా మారథాన్ నిర్వహించబోతుండటం వల్ల ఆ సమయానికి ఉన్న ప్రాముఖ్యం అసాధారణం. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో మహిళల 800 మీటర్ల పరుగు తరువాత ఆ దూరాన్నే స్త్రీల శక్తికి మించినదిగా తీర్మానించి 1960 వరకు ఒలింపిక్స్ నుంచి తొలగించారు. 1984కు ముందు ఒలింపిక్స్‌లో స్త్రీలు పరుగెత్తిన అతి పొడవైన దూరం 1,500 మీటర్లు మాత్రమే. అర్ధశతాబ్దానికి పైగా కొనసాగిన ఆ అన్యాయం తొలగిన మొదటి సందర్భంలోనే ప్రపంచంలోకెల్లా వేగవంతమైన మారథాన్ పరుగుకత్తె గాయంతో ఇంట్లో కూర్చోవలసి వస్తుందేమోనన్న ఆందోళన ఆ వసంతంలో అమెరికా క్రీడాలోకాన్ని ఆవరించింది.

1984 మార్చి నెలలో దూరపు శిక్షణ పరుగు మధ్యలో బెనాయిట్ కుడి మోకాలు పట్టేసింది. వాపు తగ్గించే కార్టిజోన్ ఇంజెక్షనూ, కొన్ని రోజుల విశ్రాంతీ తాత్కాలికంగా ఉపశమనం ఇచ్చినా, పరుగు మొదలుపెట్టగానే నొప్పి తిరిగి వచ్చింది. అమెరికాలో ఒలింపిక్ జట్టును గతకీర్తిని బట్టి ఎంపికచేయరు. నిర్ణీత దినాన జరిగే ఒకే ఒక్క ఎంపిక పరుగులో మొదటి ముగ్గురికి మాత్రమే చోటు లభిస్తుంది. ప్రపంచ ఉత్తమ సమయం చేతిలో ఉన్నవారైనా ఆ రోజున నాలుగో స్థానంలో వస్తే ఇంటికే. ఆ పరుగు మే 12న వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియా నగరంలో జరగవలసి ఉండగా, ఏప్రిల్ 25న, సరిగ్గా పదిహేడు రోజుల ముందు, ఆరెగన్ రాష్ట్రంలోని యూజీన్ పట్టణంలో ఆమె మోకాలికి ఆర్థ్రోస్కోపిక్ శస్త్రచికిత్స జరిగింది. కీలును పూర్తిగా తెరవకుండా, చిన్న రంధ్రం గుండా సన్నని గొట్టంలాంటి వీక్షణ పరికరాన్ని లోపలికి పంపి, దాని సాయంతో దోషాన్ని సరిచేసే ఈ విధానం అప్పటికి ఇంకా కొత్తది. కీలు కదలికకు అడ్డుపడుతున్న పీచులాంటి కణజాలాన్ని వైద్యుడు తొలగించాడు.

తరువాతి రెండు వారాలలో బెనాయిట్ చేసిన సాధన మారథాన్ చరిత్రలో ప్రత్యేకంగా అధ్యయనం చేయదగినది. కాలికి పని చెప్పలేని రోజులలో చేతులతో తిప్పే వ్యాయామ సైకిల్‌తో గుండెకూ ఊపిరితిత్తులకూ శ్రమ తగ్గకుండా చూసుకున్నది. పరుగు తిరిగి మొదలుపెట్టినప్పుడు మాత్రం ఆత్రం చూపినందువల్ల, కుడి మోకాలిని కాపాడుకునే ప్రయత్నంలో రెండో కాలి తొడ వెనుక కండరం, అంటే హామ్‌స్ట్రింగ్, దెబ్బతిన్నది; విద్యుత్ తరంగాలతో గంటల తరబడి చికిత్స చేయించుకొని ఎంపిక పరుగు నాటికి నిలదొక్కుకున్నది. మే 12న ఆమె 2 గంటల 31 నిమిషాల 4 సెకన్లలో ప్రథమ స్థానం పొందింది. తన ఉత్తమ సమయం కన్నా 8 నిమిషాల 21 సెకన్లు ఎక్కువ పట్టిన ఆ పరుగు, నెమ్మదిగా సాగిందన్న కారణం వల్లనే, విశేషమైనది: ఆ రోజు అవసరమైనది రికార్డు కాదు, చోటు. ఆ తేడా గ్రహించి పరుగెత్తడం మొండితనం కన్నా అరుదైన గుణం.

చరిత్ర గ్రంథాలు సాధారణంగా ఆ పదిహేడు రోజుల మీదనే దృష్టి నిలుపుతాయి గాని, ఆ తరువాతి పన్నెండు వారాలకు అంతకన్నా ఎక్కువ విలువ ఉన్నది. ఎంపిక భయం తీరిన తరువాత పోగొట్టుకున్న బలాన్ని వరుస తప్పకుండా తిరిగి కూడగట్టుకోవడానికి ఆమెకు సమయం దొరికింది. పైగా 1981 చివరలో మడమల పైనుండే అకిలిస్ స్నాయువులకు శస్త్రచికిత్స చేయించుకొని, 1982 సెప్టెంబర్‌లో 2 గంటల 26 నిమిషాల 11 సెకన్ల పరుగుతో తిరిగి వచ్చిన అనుభవం ఆమెకు అప్పటికే ఉన్నది. ఆగస్టు 5న శాంటా మోనికా నుంచి బయలుదేరిన ఒలింపిక్ మారథాన్‌లో, ఇంకా 5 కిలోమీటర్లు కూడా పూర్తికాకముందే గుంపును విడిచి ముందుకు సాగిన బెనాయిట్‌ను ఎవరూ వెంబడించలేదు. ఆ వేగం నిలవదని అందరూ భావించారు. 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ఆమె లాస్ ఏంజెలెస్ కొలీజియంలో రేఖ దాటిన 1 నిమిషం 26 సెకన్ల తరువాత నార్వేకు చెందిన గ్రేటె వైట్జ్, ఆమె వెనుక పోర్చుగల్‌కు చెందిన రోజా మోటా వచ్చారు.

అదే ఒలింపిక్స్‌లో వారం తరువాత, ఆగస్టు 12న, పురుషుల మారథాన్ గెలిచిన పోర్చుగల్ వీరుడు కార్లోస్ లోపెస్‌ది కూడా ఈ కోవకు చెందిన కథే. పందేనికి రెండు వారాల ముందు లిస్బన్‌లో సాధన చేస్తుండగా కారు ఢీకొన్నప్పటికీ, గాయాలు పెద్దవి కాకపోవడం వల్ల 37 ఏళ్ళ వయస్సులో 2 గంటల 9 నిమిషాల 21 సెకన్లతో ఒలింపిక్ రికార్డు నెలకొల్పాడు. ఆ రికార్డు 2008 వరకు చెక్కుచెదరలేదు.

ఈ విజయాలకు వెనుక ఉన్న శరీరధర్మాన్ని వివరించే పరిశోధన కూడా యాదృచ్ఛికంగా 1984లోనే వెలువడింది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోయిల్, ఆయన సహచరులు, బాగా శిక్షణ పొందిన ఏడుగురిని 84 రోజులపాటు సాధన మాన్పించి, వారి శరీరాలలో వచ్చిన మార్పులను కొలిచారు. శరీరం ఒక నిమిషంలో గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పరిమాణం మొదటి మూడు వారాలలో సుమారు 7 శాతం, ఎనిమిది వారాలు గడిచేసరికి సుమారు 16 శాతం తగ్గి అక్కడే నిలిచింది. తొలి తగ్గుదలకు ప్రధాన కారణం గుండె ఒక్కో స్పందనలో బయటికి పంపే రక్తం తగ్గడం. కండరాలలోని అతి సన్నని రక్తనాళాలైన కేశనాళికల సాంద్రత మాత్రం మూడు నెలల తరువాత కూడా తగ్గలేదు. ఆహారాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియాలలోని ఎంజైముల చురుకు తగ్గినా, ఎన్నడూ సాధన చేయనివారికన్నా గణనీయంగా ఎక్కువగానే నిలిచింది. అంటే త్వరగా పోయేది రక్తంలోనూ, గుండె పనిలోనూ ఉన్న పైపొర. ఏళ్ళతో కట్టుకున్న కండరాల నిర్మాణం అంత త్వరగా కరిగిపోదు. పైపొర తిరిగి రావడానికి కొద్ది వారాల సాధన చాలును. ఆగస్టు చివర హైదరాబాద్‌లో జరిగే మారథాన్‌కు మండు వేసవిలోనే సాధన మొదలుపెట్టి, వడదెబ్బ వల్లనో, జ్వరం వల్లనో కొన్ని వారాలు ఆగిపోయినవారికి కూడా ఈ కొలతలు ఊరటనిచ్చేవే, వెనుక కొన్నేళ్ళ పరుగు ఉన్నట్లయితే.

ఆ షరతు చిన్నది కాదు; అది నెరవేరిన సందర్భాలలో కూడా ఫలితం ఒకే తీరుగా ఉండలేదన్నది ఇదే చరిత్రలో మరో భాగం. గెలిచినవారి పేర్లే గ్రంథాలలో నిలుస్తాయి కనుక అంతరాయం ఎప్పుడూ మేలే చేస్తుందన్న భ్రమ కలగవచ్చు. జాటోపెక్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు కొద్ది వారాల ముందు హెర్నియా శస్త్రచికిత్స చేయించుకొని, డిసెంబర్ 1న మారథాన్‌లో 2 గంటల 29 నిమిషాల 34 సెకన్లతో ఆరో స్థానం మాత్రమే పొందగలిగాడు. ఏళ్ళ తరబడి ఆయన చేతిలో ఓడుతూ వచ్చిన ఫ్రాన్స్ వీరుడు అలాఁ మిమూన్ 2 గంటల 25 నిమిషాలలో గెలిచి, రేఖ దగ్గర తన మిత్రుడి కోసం వేచి ఉన్నాడు.

ఇంతకన్నా విషాదకరమైనది టోక్యోలో కాంస్యం పొందిన జపాన్ సైనికుడు కోకిచి త్సుబురాయ గాథ. 1964లో రెండో స్థానంలో స్టేడియంలోకి ప్రవేశించి, చివరి క్షణాలలో హీట్లీ దాటిపోవడం వల్ల మూడో స్థానానికి జారిన ఈయన, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఆ లోటు తీర్చుకుంటానని దేశానికి మాట ఇచ్చాడు. నడుము నొప్పి, దానికి జరిగిన శస్త్రచికిత్స, మునుపటి వేగం తిరిగి రాకపోవడం, దేశం తన మీద మోపిన బరువు అన్నీ కలిసి కుంగదీయగా, 1968 జనవరి 9న, 27 ఏళ్ళ వయస్సులో ఆయన తన ప్రాణం తీసుకున్నాడు. కోలుకోవడానికి తగినంత గడువు ఇవ్వడం, ఆ గడువులో ఓడిపోయే హక్కును కూడా ఇవ్వడం, క్రీడాకారుని చుట్టూ ఉన్న సమాజం బాధ్యత. ఆ బాధ్యతను ఆనాటి జపాన్ క్రీడావ్యవస్థ నెరవేర్చలేదని చెప్పక తప్పదు.

ఆ మెక్సికో ఒలింపిక్స్‌లోనే, 1968 అక్టోబర్ 20న, మూడో స్వర్ణం కోసం బికిలా కాలి గాయంతో పరుగు ప్రారంభించాడు. 1964లో ఆయన నష్టపోయినది కొన్ని వారాల సాధన కాగా, ఈసారి దెబ్బ నేలను తన్నే కాలికే తగిలింది. వెనుక ఉన్న ఏళ్ళ పునాది దాని ముందు పనికి రాలేదు. సుమారు 17 కిలోమీటర్ల దగ్గర ఆయన పందెం విడిచిపెట్టగా, సహచరుడు మామో వోల్డె 2 గంటల 20 నిమిషాల 26.4 సెకన్లలో గెలిచి, ఇథియోపియాకు వరుసగా మూడో మారథాన్ స్వర్ణాన్ని అందించాడు. రెండో స్థానం త్సుబురాయకు టోక్యో జట్టులో సహచరుడైన కెంజి కిమిహారాకు దక్కింది.